పిల్లలకు ఏదైనా తోచేంత వ్యవధి మిగల్చండి

ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ముఖ్యంగా మూడు, నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు నమస్కారాలు.

ఇటీవల మా పిల్లల బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చాలాసేపు ఒకే విషయం మీద చర్చ నడిచింది. ఇంటికి వెళ్లాక పిల్లలు ఫోన్ వదలడం లేదని, కథల పుస్తకం ముట్టడం లేదని, ఆడుకోవడానికి బయటికి పోవడం లేదని, ఖాళీ సమయాన్ని వాళ్లు సద్వినియోగం చేసుకునేలా తల్లిదండ్రులే శ్రద్ధ తీసుకోవాలని ఉపాధ్యాయులు చెప్పారు. వారి ఆందోళన నిజమైనదే. మా ఇంట్లో 10 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి ఉన్నారు కాబట్టి అది నాకూ ఉంది. అయితే ఆ రోజు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అప్పటినుంచి నా మనసులో మెదులుతూనే ఉంది. ఖాళీ సమయాన్ని పిల్లలు ఎలా గడుపుతున్నారని అడిగే ముందు, అసలు వాళ్లకు ఎంత సమయం మిగులుతోంది, మిగిలినదైనా ఎన్ని ముక్కలుగా మిగులుతోంది అని మనలో ఎవరమైనా లెక్క చూశామా?

ముందు రోజు మొత్తాన్ని చూద్దాం. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు రోజుకు 9 నుంచి 12 గంటలు నిద్రపోవాలని అమెరికా నిద్ర వైద్య అకాడమీ 2016లో సూచించింది. మధ్యస్థంగా 10 గంటలు అనుకుందాం. బడికి తయారవడం, వెళ్లిరావడం, బడిలో గడపడం కలిపి మా పిల్లలకు 9 గంటలు పడుతుంది. సాయంత్రం స్నానం, భోజనం, మర్నాటికి సంచి సర్దుకోవడం లాంటి పనులకు 2 గంటలు పోగా మిగిలేవి 3 గంటలు. అందులో హోంవర్కుకు గంటంబావు, ట్యూషన్‌కో సంగీతం క్లాసుకో ఒక గంట తీసేస్తే, ఆ పిల్లకు తనదంటూ మిగిలేది ముప్పావు గంట. ఇది నేను కష్టం ఎక్కువ చేసి చూపించడానికి వేసిన లెక్క కాదు. ఏ క్లాసూ లేని రోజుల్ని కూడా కలిపి వరసగా 12 బడిరోజులు మా అమ్మాయి సాయంత్రాలను నేను ఒక నోటుపుస్తకంలో నిమిషాలతో సహా రాసిపెట్టాను. సగటున తనకు మిగిలిన ఖాళీ గంటా పది నిమిషాలు. కానీ నన్ను కలవరపెట్టింది ఆ మొత్తం కాదు. ఆ 12 రోజుల్లో ఎవరూ పిలవకుండా, ఏ పనీ అడ్డురాకుండా ఒకేసారి దొరికిన అతి పొడవైన వ్యవధి 25 నిమిషాలు మాత్రమే. మిగిలినదంతా పది నిమిషాలు ఇక్కడ, పావుగంట అక్కడ, హోంవర్కుకూ భోజనానికీ నడుమ ఒకటి, భోజనానికీ సంచి సర్దుకోవడానికీ నడుమ ఇంకొకటిగా చెదిరిపోయి ఉంది.

ఆ పుస్తకం తిరగేస్తున్నప్పుడే నాకొక విషయం అర్థమైంది. పావుగంట ముక్కలో ఇమిడే పని ఇంట్లో ఒక్కటే ఉంది. బొమ్మ గీయాలంటే కాగితాలు, రంగులు తీసుకుని కూర్చునేసరికే పావుగంట అయిపోతుంది. చదరంగం సగంలో ఆపితే తిరిగి అదే ఉత్సాహంతో మొదలుపెట్టలేరు. కథలోకి పూర్తిగా వెళ్లాలంటే మొదటి కొన్ని పేజీలు ఓపిగ్గా దాటాలి. పక్కింటి పిల్లలను పిలుచుకుని, ఏ ఆట ఆడాలో తేల్చుకుని, జట్లు విడిపోయేసరికి ఇంట్లోంచి పిలుపు వస్తుంది. ఫోన్‌కు మాత్రం ఈ ఇబ్బందులేవీ లేవు. అది సిద్ధం చేసుకోనక్కర్లేదు, సర్దనక్కర్లేదు, తోడు అక్కర్లేదు, ఎక్కడ ఆపినా నష్టం లేదు. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. పిల్లల సమయాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, ఆ ముక్కల్లో సరిగ్గా ఇమిడే వస్తువును వాళ్లు చేతిలోకి తీసుకుంటే తప్పు పడుతున్నామని నాకు అనిపిస్తోంది. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. మా అమ్మాయి ఖాళీ అట్టపెట్టెలతో ఒక ఊరు కట్టాలని మొదలుపెట్టింది. అందులో అన్నింటికంటే ఎత్తైన మేడకు దారంతో పైకీ కిందికీ కదిలే లిఫ్టు ఉండాలని దాని పట్టుదల. మొదటిరోజు దారం చిక్కుపడింది. విప్పుతుండగా హోంవర్కుకు పిలిచాను. రెండోరోజు పెన్సిల్‌ను కప్పీలా వాడితే దారం జారుతుందని కనిపెట్టింది. ఆ ఆనందంలో ఉండగానే ట్యూషన్ వేళయింది. మూడోరోజు పెట్టెల ముందు కూర్చుని కాసేపు చూసి, ఎలాగూ మధ్యలో ఆపేయాలి కదమ్మా అని లేచిపోయి ఫోన్ తీసుకుంది. దాని మీద నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. తర్వాత కొన్ని రోజులకు ఏదో కారణాన బడి మధ్యాహ్నానికే వదిలేశారు, హోంవర్కు కూడా ఇవ్వలేదు. ఆ రోజు అది ఫోన్ అడుగుతుందనే అనుకున్నాను. మొదటి అరగంట అడిగింది కూడా. ఇవ్వనంటే అలిగింది, నేల మీద పడి దొర్లింది, తమ్ముడితో పోట్లాడింది. ఆ తర్వాత ఎప్పుడు లేచిందో ఏమో, మూలన పడేసిన పెట్టెలు మళ్లీ ముందుకు లాక్కుంది. రెండు గంటల నలభై నిమిషాలు కదల్లేదు. తమ్ముడు ఇంజనీరుగా చేరాడు. లిఫ్టు కదిలింది. ఊరికి పేరొకటి, చట్టాలు పదకొండు తయారయ్యాయి. ఆ చట్టాల్లో మొదటిది, ఈ ఊరిలో పని చేసేవాళ్లను మధ్యలో పిలవకూడదని.

ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య వయసుకు ఒక ప్రత్యేకత ఉంది. మీరు రోజూ చూసేదే కాబట్టి మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, తల్లిదండ్రులు కూడా ఈ లేఖ చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. చిన్న పిల్లల్లా ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఆడించనక్కర్లేదు. కౌమారంలోకి వచ్చిన పిల్లల్లా ఇతరులు ఏమనుకుంటారో అన్న సంకోచం ఇంకా రాలేదు. చదవడం వచ్చింది, కత్తెర పట్టడం వచ్చింది, ఒక పని మీద గంటసేపు మనసు నిలిపే శక్తి వచ్చింది. గులకరాళ్లు, స్టాంపులు, ఈకలు, సీసా మూతలు పోగుచేసి, పరిమాణాన్ని బట్టీ రంగును బట్టీ వరసలు పేర్చేది ఈ వయసులోనే. రహస్య లిపులు కనిపెట్టేది, ఇంటికి పటం గీసేది, సంఘాలు పెట్టి సభ్యత్వ కార్డులు రాసిచ్చేది ఈ వయసులోనే. నేను కూడా ఏదైనా తయారుచేయగలను అన్న నమ్మకం కుదరడమో, నా వల్ల కాదన్న న్యూనత నాటుకోవడమో బడి వయసులోనే జరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ భావించాడు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త జ్యాఁ పియాజే స్విట్జర్లాండ్ పిల్లలు గోళీలాట ఆడుతుంటే గమనించి, వాళ్లను ఆ ఆట నియమాల గురించి ప్రశ్నలు అడిగి, 1932లో ఒక పరిశోధన ప్రచురించాడు. చిన్నపిల్లలు నియమాలను పెద్దవాళ్లు ఇచ్చిన, మార్చరాని ఆజ్ఞలుగా చూస్తారని, పది పదకొండేళ్లు వచ్చేసరికి అందరూ ఒప్పుకుంటే నియమాన్ని మార్చుకోవచ్చని గ్రహిస్తారని ఆయన గమనించాడు. నియమం ఎందుకు పుడుతుందో, దాన్ని మార్చడానికి ఎదుటివాళ్లను ఎలా ఒప్పించాలో పిల్లలు నేర్చుకునేది తమలో తాము వాదించుకునే ఆటల్లో. పెద్దవాళ్లు ఈల పట్టుకుని నిలబడే ఆటలో ఆ అవకాశం రాదు. వాదించుకుని, అలిగి, మళ్లీ కలిసి ఆడాలంటే పావుగంట చాలదు.

మా అమ్మాయి దొర్లిన ఆ అరగంట గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఏమీ తోచడం లేదు అని పిల్లలు అంటే మనం కంగారుపడి వెంటనే ఏదో ఒకటి చేతిలో పెడతాం. మన భాషలో ఆ మాట ఎంత సరిగ్గా ఉందో ఎప్పుడూ ఆలోచించలేదు. తోచడం అంటే మనసుకు తట్టడం, ఒక ఆలోచన లోపలినుంచి పైకి రావడం. తోచడం లేదు అంటున్న పిల్లవాడు ఇంకా ఏదీ తట్టలేదని చెబుతున్నాడు, అంతే. తట్టడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి చిరాకుగా ఉంటుంది, ఇంట్లో వాళ్లకూ చిరాకు తెప్పిస్తుంది. దాన్ని ఓర్చుకునేంత సమయం పిల్లల దగ్గరా లేదు, మన దగ్గరా లేదు. ఒకేసారి దొరికే ఖాళీయే అరగంట లేనప్పుడు, అందులో తోచకపోవడానికి అరగంట ఎక్కడినుంచి తెస్తారు?

ఇక హోంవర్కు సంగతి. ఇంటిదగ్గర చదువు అక్కర్లేదని నేను అనడం లేదు. పావుగంట గట్టిగా చదవడం, ఎక్కాలు వల్లెవేసుకోవడం మంచివేనని నేనూ నమ్ముతాను. కానీ ఈ తరగతుల్లో హోంవర్కు పెరిగినకొద్దీ చదువు పెరుగుతుందన్న భావనకు బలమైన ఆధారం లేదు. 1987 నుంచి 2003 వరకు అమెరికాలో జరిగిన అధ్యయనాలను హారిస్ కూపర్ అనే పరిశోధకుడి బృందం కలిపి పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించింది. హోంవర్కుకూ చదువులో ప్రతిభకూ మధ్య సంబంధం ఏడో తరగతి, ఆపై పిల్లల్లో గట్టిగా కనిపించిందని, ఆరో తరగతి వరకు ఉన్న పిల్లల్లో అంతకంటే బలహీనంగా ఉందని ఆ సమీక్ష తేల్చింది. తరగతికి పది నిమిషాల చొప్పున, అంటే మూడో తరగతికి 30, ఐదో తరగతికి 50 నిమిషాలకు మించకూడదన్న కొలమానం ఆ దేశపు ఉపాధ్యాయుల్లో చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ఫ్రాన్స్‌లో 1956లోనే ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఇంటిదగ్గర చేయడానికి రాతపని ఇవ్వకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చైనా 2021లో ఒకటి, రెండు తరగతులకు రాసే హోంవర్కును తీసేసి, మూడు నుంచి ఆరో తరగతి వరకు సగటున 60 నిమిషాలకు మించకూడదని నిర్ణయించింది. ఉత్తర్వులు అన్నిచోట్లా అమలవుతాయని కాదు, ఫ్రాన్స్‌లోనూ ఆ నిషేధాన్ని పాటించని బడులు ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చదువును ఎంతో పట్టించుకునే సమాజాలు కూడా ఈ వయసు పిల్లల సాయంత్రానికి ఒక గట్టు వేయాలని భావించాయి.

హోంవర్కు ఎంత అన్నదానికంటే అది ఎలా ఇంటికి వస్తోందన్నది ఇంకా ముఖ్యమని నా అభిప్రాయం. కొన్నేళ్లుగా అది వాట్సాప్ గ్రూపులో వస్తోంది. సాయంత్రం ఆరింటికి ఒక సందేశం, ఏడింటికి దానికి సవరణ, ఎనిమిదింటికి మర్నాడు తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా. వర్క్‌షీటు ఫోన్‌లోంచి చూసి ఎక్కించుకోవాలి, పద్యం వీడియో చూసి నేర్చుకోవాలి, ప్రాజెక్టుకు బొమ్మలు ఇంటర్నెట్‌లో వెతకాలి. పిల్ల చేతికి ఫోన్ ఇవ్వకూడదని సమావేశంలో చెప్పిన బడే ప్రతి సాయంత్రం దాని చేతికి ఫోన్ ఇవ్వక తప్పని పరిస్థితి కల్పిస్తోంది. వర్క్‌షీటు కోసం తెరిచిన ఫోన్ వర్క్‌షీటు దగ్గరే ఆగదు. పెద్దవాళ్లమైన మనమే ఒక సందేశం చూద్దామని తీసి అరగంట తర్వాత పక్కన పెడుతున్నాం, పదేళ్ల పిల్ల నిగ్రహం మనకంటే ఎక్కువ ఉండాలని ఎలా కోరగలం?

తెరల గురించి భయపెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. అమెరికా శిశువైద్య అకాడమీ కూడా 2016లో బడి వయసు పిల్లలకు రోజుకు ఇన్ని గంటలని ఒకే అంకె నిర్ణయించడం మానేసి, నిద్రకూ ఆటకూ చదువుకూ భంగం కలగకుండా ప్రతి కుటుంబం తనకు తగిన ఏర్పాటు చేసుకోవాలని చెప్పింది. ఫోన్‌లో చూసి కాగితపు పక్షి మడవడం నేర్చుకున్న పిల్లవాడిది వృథా అయిన సమయం కాదు. దూరాన ఉన్న తాతయ్యతో వీడియోలో మాట్లాడటమూ కాదు. ఫోన్ ఎంతసేపు అన్న ప్రశ్నతో పాటు, దానికి పోటీగా నిలబడగల పనులకు మనం వ్యవధి వదిలామా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలని మాత్రమే నా మనవి.

ఒంటికి కావలసినవి ఎలాగూ మీకు తెలుసు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు కనీసం 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కళ్ల సంగతి అంతగా ప్రచారంలో లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిరోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు గమనించారు. వాళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం, వచ్చినవారు 30.4 శాతం ఉంటే, ఆ ఏర్పాటు లేని బడుల్లో 39.5 శాతం ఉన్నారని 2015లో ప్రచురించారు. సాయంత్రం వెలుతురు ఉన్న గంటను రాతపనికి ఇచ్చి, చీకటిపడ్డాక ఆడుకోమంటే ఆ మేలు దక్కదు.

అన్ని ఇళ్లలోనూ ఖాళీ ఒకేలా పోవడం లేదన్నది కూడా మరిచిపోకూడదు. 5 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు అదే వయసు మగపిల్లల కంటే ఇంటిపనుల్లో 40 శాతం ఎక్కువ సమయం గడుపుతున్నారని యూనిసెఫ్ 2016లో వెల్లడించింది. ఇంటిపని నేర్చుకోవడం ఇద్దరికీ అవసరమే, మా అబ్బాయి కూడా గిన్నెలు తుడుస్తాడు. కానీ తమ్ముణ్ణి చూసుకుని, నీళ్లు పట్టి, ఆ తర్వాత హోంవర్కుకు కూర్చునే ఐదో తరగతి పిల్లకు మీరిచ్చే అదనపు పది లెక్కలు ఎక్కడినుంచి సమయం తెచ్చుకుంటాయో ఆలోచించండి. నిద్రలోంచి తెచ్చుకుంటాయి. తరగతిలో ఆవులించే ఆ పిల్లను మందలించే ముందు, సాయంత్రం ఏం చేశావమ్మా అని ఒక్కసారి అడగమని వేడుకుంటున్నాను.

కొన్ని బడులు సద్వినియోగం పేరుతో ఇంకొక పని మొదలుపెట్టాయి. ఖాళీ సమయంలో ఏం చేశావో రోజూ డైరీలో రాసుకుని తల్లిదండ్రుల సంతకంతో తీసుకురావాలట. మా అబ్బాయి చేత అలా రాయించినప్పుడు, వాడు ఒక సాయంత్రమంతా చీమల బారు వెంట నడిచి, అవి ఎక్కడికి పోతున్నాయో కనుక్కుని కూడా, డైరీలో మాత్రం పుస్తకం చదివాను అని రాశాడు. చీమలను చూడటం రాయదగ్గ పనిగా వాడికి అనిపించలేదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, తీరికను, ఆటను పిల్లల హక్కులుగా గుర్తించింది. 2013లో ఆ హక్కును వివరిస్తూ ఇచ్చిన వ్యాఖ్యలో, ఆట అంటే పిల్లలే మొదలుపెట్టి, పిల్లలే నడిపించుకునేదని, తీరిక అంటే చదువు, పని, ఇంటి బాధ్యతలు, బయటినుంచి ఇంకొకరు నిర్దేశించే కార్యక్రమాలు ఏవీ లేని సమయమని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ స్పష్టం చేసింది. మార్కులకో సంతకానికో లెక్క చెప్పవలసిన సమయాన్ని తీరిక అనలేం.

తప్పంతా బడిదేనని చెప్పడం న్యాయం కాదు. హోంవర్కు తక్కువ ఇస్తే బడిలో చదువు చెప్పడం లేదని మీకు ఫిర్యాదు చేసేది మా తల్లిదండ్రులమే. ఐదో తరగతి పిల్లను వారానికి మూడు క్లాసులకు తిప్పిందాన్ని నేనే. ఆ క్లాసుల్లో రెండింటిని దాన్ని అడగకుండానే కట్టాను. పక్కవాళ్ల పిల్లలు నేర్చుకుంటున్నారు, మన పిల్ల వెనకబడుతుందేమోనన్న భయమే కారణం. నోటుపుస్తకం నింపిన తర్వాత ఆ రెండూ మాన్పించాను, సంగీతం మాత్రం అదే ఉంచమంది. ఒక్క ఇల్లు ఇలా చేస్తే చాలదు. మా పిల్లలకు తీరిక దొరికినా ఆడుకోవడానికి తోడు దొరకడం లేదు, ఎందుకంటే ఆ వేళకు మిగతా పిల్లలంతా ఏదో ఒక పుస్తకం ముందు కూర్చుని ఉన్నారు. ఈ విషయంలో బడి చేయగలిగింది ఏ తల్లీ తండ్రీ విడిగా చేయలేరు. వీధిలోని పిల్లలందరికీ ఒకేసారి తీరిక ఇవ్వగలిగేది మీరే.

అందుకని మిమ్మల్ని కోరేది ఇది. మూడు నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు ప్రతి బడిరోజు సాయంత్రం, వెలుతురు ఉండగా, గంటన్నర సేపు ఏకధాటిగా మిగిలేలా మీ పనిని సర్దండి. అన్ని సబ్జెక్టుల ఉపాధ్యాయులు కలిసి చూసుకుంటేనే ఇది సాధ్యం, ఎందుకంటే ఎవరికి వారు ఇరవై నిమిషాలే ఇస్తున్నామని అనుకుంటారు గానీ ఆ ఇరవైలు నాలుగు కలిస్తే ఎంతో ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇచ్చే పనిని బడి వదిలేలోపే పిల్లల చేత వాళ్ల డైరీలోనే రాయించండి, ఆ తర్వాత ఫోన్‌కు ఏ సందేశమూ పంపకండి. ఇంటర్నెట్ లేనిదే పూర్తికాని పని ఇవ్వకండి. వారంలో ఒక రోజు అసలు హోంవర్కే లేకుండా వదలండి, ఆ రోజు ఏం చేశారని మర్నాడు అడిగితే చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, కానీ రాయించకండి, మార్కులు వేయకండి.

ముందుగా ఒక నెల పాటు చేసి చూడమని అడుగుతున్నాను. ఆ నెలలో తల్లిదండ్రులుగా మేము చేయవలసినవి కూడా ఉన్నాయి. ఆ గంటన్నరలో ట్యూషన్ పెట్టకూడదు, పనులకు పిలవకూడదు, మా ఫోన్లు కూడా పక్కన పెట్టాలి, ఏమీ తోచడం లేదని పిల్లలు వెంటపడితే ఆ చిరాకును ఓర్చుకోవాలి. మా తరగతి తల్లిదండ్రుల్లో తొమ్మిది కుటుంబాలు ఇప్పటికే దీనికి ఒప్పుకున్నాయి, మిగతావారితో మాట్లాడే బాధ్యత నాది. నెల తర్వాత పిల్లల చదువు తగ్గిందని మీకు అనిపిస్తే, మీ పరీక్ష కాగితాలు తీసుకురండి, నా నోటుపుస్తకం నేను తెస్తాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం. ఈలోగా ఏ ఉపాధ్యాయురాలైనా, ఉపాధ్యాయుడైనా ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి ఆ అట్టపెట్టెల ఊరిని చూస్తానంటే మా పిల్లలు ఎంతో సంతోషిస్తారు. లిఫ్టు ఇప్పుడు రెండో మేడకు కూడా వచ్చింది.

ఇట్లు,
ఐదో తరగతి, మూడో తరగతి చదువుతున్న ఇద్దరు పిల్లల తల్లి